సగటు గ్రాఫ్ చూపించని రద్దీని పట్టుకోవడం ఎలా: ల్యాప్‌టాప్‌లో లీఫ్-స్పైన్ ల్యాబ్, ఒక పీ4 స్విచ్

నెట్‌వర్క్ స్లోగా ఉందని అప్లికేషన్ టీమ్ అంటుంది. మీరు గ్రాఫ్ తెరిస్తే లింక్ వాడకం 30 శాతం కూడా ఉండదు. వాదన గంటల కొద్దీ సాగుతుంది గానీ, చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. గ్రాఫ్‌లో కనిపించేది 30 సెకన్ల సగటో, 5 నిమిషాల సగటో. స్విచ్‌లో ప్యాకెట్లు వంతు కోసం ఆగే క్యూ నిండడానికి అంత సమయం అక్కర్లేదు. రెండు 100 గిగాబిట్ పోర్టుల నుంచి నిండుగా వచ్చే ట్రాఫిక్ ఒకే 100 గిగాబిట్ పోర్టులోంచి బయటికి పోవాలంటే, సెకనుకు 12.5 గిగాబైట్ల చొప్పున వెనక పేరుకుంటుంది. 16 మెగాబైట్ల బఫర్ మొత్తం ఆ ఒక్క పోర్టుకే ఇచ్చేసినా 1.3 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ఆ పైన వచ్చినవి డ్రాప్ అవుతాయి. కాసేపటికి అంతా మామూలైపోతుంది, సగటులో దాని జాడే మిగలదు.

ప్రోగ్రామబుల్ స్విచ్ అనగానే కొత్త ప్రోటోకాల్ కనిపెట్టడమే గుర్తొస్తుంది చాలామందికి. నన్నడిగితే దాని మొదటి ఉపయోగం అది కాదు. ఒక్కో ప్యాకెట్ క్యూలో ఎంతసేపు ఆగిందో స్విచ్ చేతే చెప్పించడం. ఇంతవరకు ఊహించి మాట్లాడిన విషయాన్ని కొలిచి మాట్లాడొచ్చు. అందుకే ఈ గైడ్‌లో ముందు మామూలు లీఫ్-స్పైన్ నెట్‌వర్క్ (సర్వర్లు తగిలే లీఫ్ స్విచ్‌లు, వాటిని కలిపే స్పైన్ స్విచ్‌లు) ఒకటి ల్యాప్‌టాప్‌లో కట్టి, దాని లోటుపాట్లు చూసి, తర్వాత పీ4లో, అంటే ప్యాకెట్‌తో స్విచ్ ఏం చేయాలో రాసే భాషలో, చిన్న ప్రోగ్రామ్‌తో క్యూ లోపలికి తొంగి చూద్దాం. లైనక్స్ కమాండ్ లైన్, ఐపీ అడ్రసింగ్, రౌటింగ్ టేబుల్ అంటే ఏమిటో తెలిస్తే చాలు.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

రెండు స్పైన్లు, నాలుగు లీఫ్‌లు గీయండి. ప్రతి లీఫ్ నుంచి ప్రతి స్పైన్‌కి ఒక లింక్. లీఫ్‌కీ లీఫ్‌కీ మధ్య లింక్ ఉండదు, స్పైన్‌కీ స్పైన్‌కీ మధ్య కూడా ఉండదు. ప్రతి లీఫ్ కింద ఒక సర్వర్ పెట్టండి. ఈ అల్లిక వెనక ఉన్న ఆలోచన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలానిది. బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ క్లో 1953లో ప్రచురించాడు. చిన్న స్విచ్‌లను వరుసలుగా పేర్చి పెద్ద స్విచ్ చేసిన పనే చేయించవచ్చన్నది దాని సారం. అదే సూత్రంతో మూడు అంచెల ఫ్యాట్-ట్రీ కడితే, 48 పోర్టుల మామూలు స్విచ్‌లతోనే 27,648 సర్వర్లను పూర్తి వేగంతో కలపవచ్చు.

తర్వాత ఓవర్‌సబ్‌స్క్రిప్షన్ లెక్క, అంటే కింది పోర్టుల మొత్తం వేగానికీ పైకి పోయే లింకుల మొత్తం వేగానికీ ఉన్న నిష్పత్తి. ఒక లీఫ్‌కి కింద 48 పోర్టులు, ఒక్కోటి 25 గిగాబిట్ అనుకోండి: మొత్తం 1,200. పైకి 100 గిగాబిట్ లింకులు 8 ఉంటే 800. అంటే నిష్పత్తి 1.5:1. పైకి 6 లింకులే ఉంటే 2:1. వెబ్ ట్రాఫిక్‌కి అది ఫరవాలేదు. స్టోరేజీకీ, ఏఐ ట్రైనింగ్ క్లస్టర్‌కీ 1:1 దగ్గరే ఉండాలి, ఎందుకంటే అక్కడ సర్వర్లన్నీ ఒకేసారి పూర్తి వేగంతో పంపుతాయి. ఒక స్పైన్ పోయినప్పుడు నిష్పత్తి ఎంత అవుతుందో కూడా పక్కనే రాసుకోండి. రెండే స్పైన్లుంటే సగం సామర్థ్యం పోతుంది, నాలుగుంటే పావు వంతే.

2. ల్యాబ్ సిద్ధం చేసుకోండి

8 జీబీ ర్యామ్ ఉన్న లైనక్స్ మెషీన్ చాలు. డాకర్, కంటైనర్లను లింకులతో కలిపే కంటైనర్‌ల్యాబ్ ఇన్‌స్టాల్ చేసి, రౌటర్లుగా ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ కంటైనర్లను వాడండి. ఎఫ్‌ఆర్‌ఆర్ డీమన్ల ఫైల్‌లో బీజీపీ (రౌటర్లు మార్గాలు చెప్పుకునే ప్రోటోకాల్), బీఎఫ్‌డీ (లింక్ చచ్చిందని త్వరగా పసిగట్టేది) రెండూ మొదట్లో ఆఫ్‌లో ఉంటాయి. వాటిని ఆన్ చేయకుండా కాన్ఫిగరేషన్ ఎంత చక్కగా రాసినా ఫలితం ఉండదు.

3. బీజీపీతో కలపండి

డేటా సెంటర్ లోపల బీజీపీ ఎందుకని అడగొచ్చు. 2016లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7938 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం దీనికి వివరమైన సమాధానం ఇస్తుంది. క్లుప్తంగా చెప్పాలంటే, ఓఎస్‌పీఎఫ్ అనే మరో రౌటింగ్ ప్రోటోకాల్‌లో ఒక లింక్ పడితే ఆ వార్త ఏరియా అంతటా పాకుతుంది. బీజీపీలో మార్పు అవసరమైన చోటికే వెళుతుంది, పైగా ఏ మార్గాన్ని ఎవరికి చెప్పాలో పాలసీతో నియంత్రించవచ్చు.

రెండు స్పైన్లకీ ఒకే ఏఎస్ నంబర్ (బీజీపీలో ఒక నెట్‌వర్క్‌ని గుర్తించే అంకె) ఇవ్వండి, 65000. లీఫ్‌లకు 65001 నుంచి 65004 దాకా విడివిడిగా. స్పైన్లకు ఒకే నంబర్ ఉంటే, ఒక స్పైన్ చెప్పిన మార్గం లీఫ్ మీదుగా తిరిగి రెండో స్పైన్‌కి చేరినా అది తన నంబరే చూసి తిరస్కరిస్తుంది. అలా దొంగదారులు పుట్టవు.

ప్రతి లింక్‌కీ ఐపీవీ4 అడ్రస్ ఇచ్చుకుంటూ పోవద్దు. ఇంటర్‌ఫేస్ పేరుతోనే పొరుగు రౌటర్‌ని ప్రకటించండి. రెండు వైపులా ఐపీవీ6 లింక్-లోకల్ అడ్రసులతో సెషన్ లేస్తుంది, ఐపీవీ4 మార్గాలు దాని మీదే ప్రయాణిస్తాయి. వందల లింకుల అడ్రస్ షీట్ తయారు చేసే టెన్షన్ ఉండదు. ప్రతి రౌటర్‌కీ లూప్‌బ్యాక్ మీద ఒక అడ్రస్, ప్రతి లీఫ్‌కీ సర్వర్ల కోసం ఒక సబ్‌నెట్ ఇచ్చి, వాటిని మాత్రమే ప్రకటించండి.

సెషన్ లేచింది, కానీ ఒక్క మార్గం కూడా రాలేదు. ఇది తరచూ ఎదురయ్యే పరిస్థితి. బీజీపీ సారాంశం చూస్తే, వచ్చిన మార్గాల సంఖ్య ఉండాల్సిన చోట బ్రాకెట్లలో 'పాలసీ' అని కనిపిస్తుంది. బయటి ఏఎస్‌తో మాట్లాడేటప్పుడు పాలసీ రాయకపోతే ఎఫ్‌ఆర్‌ఆర్ మామూలు ప్రొఫైల్‌లో ఏ మార్గాన్నీ తీసుకోదు, ఇవ్వదు. కాన్ఫిగరేషన్ మొదట్లోనే డేటాసెంటర్ ప్రొఫైల్ ఎంచుకుంటే ఆ నిబంధన సడలుతుంది, టైమర్లు కూడా మారతాయి: పొరుగుని పలకరించేది 3 సెకన్లకోసారి, పలకరింపు రాకపోతే ఆగేది (హోల్డ్ టైమ్) 9 సెకన్లు. ల్యాబ్‌కి అది సరిపోతుంది. అసలు నెట్‌వర్క్‌లో మాత్రం పాలసీ రాయండి. పొరపాటున ఒక లీఫ్ డిఫాల్ట్ రూట్ ప్రకటిస్తే మొత్తం ట్రాఫిక్ దాని మీదికి రాకుండా ఆపేది ఆ రెండు మూడు లైన్లే.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సంగతి ఇప్పుడే తేల్చండి. ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే వీఎక్స్‌లాన్ వాడితే ప్రతి ప్యాకెట్‌కీ ఐపీవీ4 మీద 50 బైట్లు పెరుగుతాయి. సర్వర్లకు 9000 ఇచ్చి, స్విచ్ లింకులకు 9216 ఇవ్వడం అలవాటైన పద్ధతి. సరిచూడడానికి, ముక్కలు చేయవద్దన్న ఆప్షన్‌తో 8972 బైట్ల పింగ్ పంపండి. ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 బైట్లు కలిస్తే సరిగ్గా 9000 అవుతుంది. చిన్న పింగ్ పోయి ఇది పోకపోతే, దారిలో ఏదో ఒక ఇంటర్‌ఫేస్ ఇంకా 1500 దగ్గరే ఉందన్నమాట.

4. ట్రాఫిక్ నిజంగా రెండు దారుల్లోనూ పోతోందా?

లీఫ్ రౌటింగ్ టేబుల్‌లో అవతలి లీఫ్ సబ్‌నెట్‌కి రెండు నెక్స్ట్ హాప్‌లు కనిపించాలి. కనిపించగానే పని అయిపోయిందనుకోకండి. ట్రాఫిక్ పుట్టించే టూల్ ఐపెర్ఫ్3తో ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కి 8 స్ట్రీములు ఒకేసారి పంపి, రెండు అప్‌లింకుల కౌంటర్లూ చూడండి. ఒక లింక్ పరుగెడుతూ రెండోది ఖాళీగా ఉంటుంది.

కారణం హ్యాష్, అంటే ప్యాకెట్ హెడర్‌లోని అంకెల నుంచి దారి తేల్చే లెక్క. లైనక్స్ మొదట్లో పంపేవారి ఐపీ, అందుకునేవారి ఐపీ మాత్రమే చూసి దారి ఎంచుకుంటుంది. 8 స్ట్రీములకూ ఆ రెండూ ఒకటే కాబట్టి అన్నీ ఒకే దారిలో పోతాయి. కెర్నెల్ సెట్టింగుల్లో ఐపీవీ4 కింద 'ఫిబ్ మల్టీపాత్ హ్యాష్ పాలసీ' అని ఉంటుంది. దాన్ని 0 నుంచి 1కి మార్చండి. ల్యాప్‌టాప్‌లో మారిస్తే సరిపోదు, ప్రతి కంటైనర్ లోపలా మార్చాలి. ఇప్పుడు పోర్ట్ నంబర్లు కూడా హ్యాష్‌లో కలుస్తాయి. మళ్లీ నడిపితే రెండు లింకుల్లోనూ ట్రాఫిక్ కనిపిస్తుంది.

సమానంగా మాత్రం ఉండదు. 8 స్ట్రీములు నాలుగు-నాలుగుగా విడిపోవాలని నియమం లేదు, ఆరు-రెండుగా పడవచ్చు. ఇక ఒకే ఒక్క పెద్ద ఫ్లో (ఒక కనెక్షన్ ప్యాకెట్ల వరుస) ఎప్పటికీ ఒక లింక్ దాటి వ్యాపించదు. స్ట్రీముల సంఖ్య మార్చి ఇది ఒకటికి రెండుసార్లు చూడండి. ఏఐ క్లస్టర్లలో నెట్‌వర్క్ ఇంజనీర్లను నిద్రపోనివ్వనిది ఇదే: అక్కడ ఫ్లోల సంఖ్య తక్కువ, ఒక్కోటి భారీగా ఉంటుంది. ఒక సర్వర్ మెమొరీ నుంచి మరో సర్వర్ మెమొరీకి నేరుగా డేటా పంపే రోసీ ప్రోటోకాల్ రెండో వెర్షన్‌లో గమ్యం యూడీపీ పోర్ట్ ఎప్పుడూ 4791 కాబట్టి, తేడా చూపించేందుకు మిగిలేది పంపేవారి పోర్ట్ ఒక్కటే. అక్కడ రెండు పెద్ద ఫ్లోలు ఒకే లింక్ మీద పడ్డాయంటే పక్క లింక్ ఖాళీగా ఉండగానే క్యూ నిండుతుంది. లింకులన్నిటి సగటు చూసేవారికి ఇదీ కనిపించదు.

5. తెంపి చూడండి

ఒక అప్‌లింక్‌ని డౌన్ చేయండి. రెండు వైపులా వెంటనే తెలుస్తుంది, ట్రాఫిక్ రెండో స్పైన్‌కి మారుతుంది. ఇది తేలికైన పరీక్ష. కష్టమైనది మౌనంగా చచ్చిన లింక్: లైట్ వెలుగుతూనే ఉంటుంది, ప్యాకెట్లు పోవు. లైనక్స్ ట్రాఫిక్ కంట్రోల్‌లో కావాలని నష్టం పుట్టించే నెట్‌ఎమ్‌తో ఆ లింక్ రెండు చివర్లా 100 శాతం నష్టం పెట్టి చూడండి. 9 సెకన్ల హోల్డ్ టైమ్ ముగిసేదాకా ట్రాఫిక్ ఆ గోతిలో పడుతూనే ఉంటుంది. బీఎఫ్‌డీ ఆన్ చేస్తే, 300 మిల్లీసెకన్ల విరామం మూడుసార్లు తప్పగానే, అంటే సెకనులోపే, సెషన్ పడిపోతుంది.

6. ఇప్పుడు పీ4 స్విచ్ రాయండి

ఇక్కడ టోపాలజీ చిన్నది చేయండి: ఒక స్విచ్, మూడు హోస్టులు. ఇద్దరు పంపుతారు, ఒకరు అందుకుంటారు. కంపైలర్ పేరు పీ4సీ. సాఫ్ట్‌వేర్ స్విచ్ పేరు బీఎంవీ2. హోస్టులను ఒకే మెషీన్‌లో పుట్టించడానికి మినీనెట్. బీఎంవీ2 వేగం కోసం కట్టింది కాదు, ప్రోగ్రామ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి కట్టింది. మనకు కావాల్సిందీ అదే.

పీ4 ప్రోగ్రామ్‌లో ముఖ్యమైనవి పార్సర్ (హెడర్లు చదివేది), ఇంగ్రెస్ (క్యూకి ముందు భాగం), ఈగ్రెస్ (క్యూ తర్వాతి భాగం), డీపార్సర్ (హెడర్లు తిరిగి పెట్టేది). వీ1మోడల్ అనే నమూనాలో చెక్‌సమ్ (హెడర్ చెడిందో లేదో పట్టించే అంకె) సరిచూసే భాగం, తిరిగి లెక్కించే భాగం కూడా ఉంటాయి.

పార్సర్‌లో 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్ తీయండి. దాని టైప్ హెక్సాలో 0800 అయితే 20 బైట్ల ఐపీవీ4 హెడర్ తీయండి. అంతకు మించి చదవకండి. మిగిలినదంతా పేలోడ్‌గా ఉన్నదున్నట్టు బయటికి పోతుంది.

ఇంగ్రెస్‌లో ఒక టేబుల్ చాలు. గమ్యం ఐపీని లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్‌తో వెతకాలి. దొరికితే బయటికి పోయే పోర్ట్ పెట్టాలి, మ్యాక్ అడ్రసులు మార్చాలి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గించాలి. దొరక్కపోతే డ్రాప్ చేయాలి. ఈ డిఫాల్ట్ చర్యను మీరే స్పష్టంగా రాయండి.

అసలు పని ఈగ్రెస్‌లో ఉంది. ప్యాకెట్ క్యూలోంచి బయటికొచ్చాక దాని స్టాండర్డ్ మెటాడేటాలో రెండు విలువలు సిద్ధంగా ఉంటాయి: క్యూలో చేరేటప్పుడు తన ముందు ఎన్ని ప్యాకెట్లున్నాయి, క్యూలో ఎన్ని మైక్రోసెకన్లు ఆగింది. ఈ రెండూ ఇంగ్రెస్‌లో దొరకవు, ప్యాకెట్ అప్పటికి క్యూలోకే వెళ్లలేదు కదా. పోర్ట్‌కి ఒకటి చొప్పున రిజిస్టర్ అరలు పెట్టండి. ఆ పోర్ట్ అరలో ఉన్న విలువను చదవండి, ఈ ప్యాకెట్ ఆగిన సమయం అంతకంటే ఎక్కువైతే కొత్తది రాయండి. నాలుగైదు లైన్లకు మించదు. సగటు వద్దు, గరిష్ఠమే కావాలి. మనం వెతుకుతున్న ఘటనను సగటు దాచేస్తుంది కనుకే ఇంత దూరం వచ్చాం.

కంపైల్ అయ్యాక టేబుల్లో మూడు హోస్టుల మార్గాలూ నింపి పింగ్ చేయండి. మొదటిసారి పోదు, కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

ఏఆర్‌పీకి, అంటే ఈ ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌దన్న ప్రశ్నకి, జవాబివ్వడం మీ స్విచ్‌కి రాదు, మీరు నేర్పలేదు. హోస్టుల్లో ఏఆర్‌పీ ఎంట్రీలు చేత్తో పెట్టండి.

తర్వాత విచిత్రంగా కనిపించేది: అందుకునే హోస్ట్‌లో టీసీపీడంప్ పెడితే పింగ్ వచ్చినట్టే ఉంటుంది, జవాబు మాత్రం పోదు. టీసీపీడంప్‌ను వివరాలు చూపే ఆప్షన్‌తో నడపండి, ఐపీ చెక్‌సమ్ తప్పని ఆ ప్యాకెట్ లైన్లోనే రాసి ఉంటుంది. టీటీఎల్ తగ్గించారు, చెక్‌సమ్ తిరిగి లెక్కించలేదు. కెర్నెల్ ఆ ప్యాకెట్‌ని ఏమీ చెప్పకుండా పారేస్తుంది.

పింగ్ పోయి టీసీపీ మాత్రం పోకపోతే మీ ప్రోగ్రామ్‌ని తిట్టుకోకండి. వర్చువల్ ఇంటర్‌ఫేస్‌ల మీద చెక్‌సమ్ లెక్కించే పనిని కెర్నెల్ నెట్‌వర్క్ కార్డుకు వదిలేస్తుంది, ఇక్కడ కార్డే లేదు. దాంతో టీసీపీ చెక్‌సమ్ సగంలో ఉండగానే ప్యాకెట్ బయల్దేరుతుంది. ఈత్‌టూల్‌తో హోస్టుల్లో చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపేయండి, వెంటనే నడుస్తుంది.

ఇవన్నీ సరిచేసినా పోకపోతే డీపార్సర్ చూడండి. పార్సర్‌లో తీసిన ప్రతి హెడర్‌నీ అక్కడ వరుసగా తిరిగి పెట్టాలి. పెట్టనిది ప్యాకెట్‌లోంచి మాయమవుతుంది.

7. రద్దీ పుట్టించి కొలవండి

బీఎంవీ2 కమాండ్ లైన్లో అందుకునే హోస్ట్ పోర్ట్‌కి మాత్రమే క్యూ వేగం సెకనుకు 1,000 ప్యాకెట్లు, క్యూ లోతు 100 ప్యాకెట్లు అని పెట్టండి. నిండిన క్యూలో చివరి ప్యాకెట్ 100 మిల్లీసెకన్లు ఆగాలి, అంటే 1,00,000 మైక్రోసెకన్లు. కొలత సరైనదో కాదో చెప్పే లెక్క ఇది, రాసి పెట్టుకోండి.

ఇప్పుడు పంపే ఇద్దరి దగ్గరా చిన్న పైథాన్ స్క్రిప్ట్ పెట్టండి. గడియారంలో సెకన్లు పదికి భాగింపబడినప్పుడల్లా 0.2 సెకన్ల వ్యవధిలో 160 యూడీపీ ప్యాకెట్లు పంపాలి. ఇద్దరూ ఒకే మెషీన్‌లో ఉన్నారు కాబట్టి గడియారం ఒకటే, కలిసే మొదలవుతారు. ఐపెర్ఫ్3తో ఇంత సన్నని పేలుడు ఇద్దరి నుంచి ఒకేసారి రప్పించడం కష్టం.

ఏం జరగాలో ముందే లెక్కేద్దాం. 0.2 సెకన్లలో వచ్చేవి 320, పోగలిగేవి 200. మిగిలిన 120లో 100 క్యూలో నిలబడతాయి, దాదాపు 20 డ్రాప్ అవుతాయి. 10 సెకన్ల సగటు చూస్తే ఆ పోర్టులోంచి పోయినవి సుమారు 300 ప్యాకెట్లు, అంటే సామర్థ్యంలో 3 శాతం. ఇప్పుడు రిజిస్టర్ చదవండి. 1,00,000కి దగ్గర్లో ఉంటుంది. 3 శాతం వాడకం చూపిస్తున్న పోర్టులో ప్యాకెట్లు 100 మిల్లీసెకన్లు ఆగాయి, కొన్ని పడిపోయాయి కూడా. మొదట్లో చెప్పిన వాదనకి జవాబు ఇలా ఒక అంకెగా ఎదురుగా కనిపిస్తే కలిగే తృప్తి వేరు.

విలువ 1,00,000కి చాలా దూరంగా ఉంటే ముందు స్క్రిప్ట్‌ను అనుమానించండి. ప్యాకెట్లు 0.2 సెకన్లలో కాక సెకనంతా విస్తరించి పోతుండవచ్చు, అప్పుడు క్యూ నిండదు. సరిగ్గా వచ్చాక, కంట్రోల్ ప్రోగ్రామ్ ఒకటి సెకనుకోసారి రిజిస్టర్ చదివి, సమయం రాసుకుని, సున్నా చేసేలా పెట్టండి.

ఓపిక ఉంటే ఇంకొక్కటి చేర్చండి. క్యూ లోతు 20 దాటినప్పుడు, ఐపీ హెడర్‌లోని ఈసీఎన్ (రద్దీ ఉందని చెప్పే గుర్తు) రెండు బిట్లు 01 లేదా 10 అయితే వాటిని 11గా మార్చండి. ఆ మార్పు కూడా చెక్‌సమ్ తిరిగి లెక్కించే చోటికంటే ముందే జరగాలి, ఈగ్రెస్‌లో చేస్తే అలాగే జరుగుతుంది. పంపే హోస్టుల్లో ఈసీఎన్ ఆన్ చేసి టీసీపీతో నడిపితే, డ్రాప్ కాకముందే వేగం తగ్గించుకోవడం కనిపిస్తుంది.

8. హార్డ్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి

బీఎంవీ2లో కంపైల్ అయినదంతా చిప్‌లో ఇమడదు. పీ4ని 2014లో ప్రతిపాదించారు, దాన్ని పూర్తి వేగంతో నడిపే టొఫీనో చిప్‌ని బేర్‌ఫుట్ నెట్‌వర్క్స్ 2016లో 6.5 టెరాబిట్ సామర్థ్యంతో ప్రకటించింది. దాని పైప్‌లైన్‌లో 12 దశలుంటాయి. ప్రతి ప్యాకెట్ ఒక్కో దశనూ ఒక్కసారే దాటుతుంది, వెనక్కి తిరగడం లేదు. కాబట్టి ఒక రిజిస్టర్‌ని ఒక ప్యాకెట్ ఒక్కసారే తాకగలదు: చదవడం, పోల్చడం, రాయడం అన్నీ ఆ ఒక్క స్పర్శలోనే జరగాలి. మన గరిష్ఠ విలువ లెక్క అలా ఇమిడేదే. భాగహారం కావాల్సిన లెక్కలను మాత్రం బిట్ షిఫ్టులుగా మార్చుకోవాలి. పెద్ద టేబుల్ ఒక దశ మెమొరీలో పట్టకపోతే అనేక దశలకు పాకి మిగతా పనికి చోటు తగ్గిస్తుంది.

కొనాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. బేర్‌ఫుట్‌ని 2019లో ఇంటెల్ కొంది, 2023లో టొఫీనో తర్వాతి తరం చిప్‌ల అభివృద్ధిని ఆపేసింది. 2025లో దాని పీ4 సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేసింది. నేర్చుకోవడానికి ఇది శుభవార్తే, కొత్త డేటా సెంటర్ మొత్తాన్ని దాని మీద కట్టడానికి మాత్రం కాదు. ప్రోగ్రామింగ్ ఇప్పుడు ఎక్కువగా సర్వర్ వైపు జరుగుతోంది: ఏఎండీ పెన్సాండో కార్డులు పీ4తోనే నడుస్తాయి, ఎన్విడియా బ్లూఫీల్డ్ కార్డు ఉంది, ప్రత్యేక కార్డే అక్కర్లేకుండా ప్యాకెట్లను కెర్నెల్‌లోనే మన ప్రోగ్రామ్‌తో నడిపే ఎక్స్‌డీపీ లైనక్స్‌లో ఉంది.

మీ దగ్గర మామూలు స్విచ్‌లే ఉన్నా చేతులు ముడుచుకోనక్కర్లేదు. చాలా చిప్‌లు క్యూ గరిష్ఠ మట్టాన్ని వాటంతటవే దాచుకుంటాయి. సోనిక్ అనే ఓపెన్ సోర్స్ స్విచ్ ఓఎస్ నడిచే స్విచ్‌లో అయితే క్యూ వాటర్‌మార్క్ అని ఒక కమాండ్‌తో చూడొచ్చు, చదివి సున్నా చేయొచ్చు. పీ4 ల్యాబ్‌లో మీరు చేత్తో రాసిన రిజిస్టర్ లాంటిదే అది. దాని అంకె సాధారణంగా బైట్లలో ఉంటుంది, పోర్ట్ వేగంతో భాగిస్తే ప్యాకెట్ ఆగిన సమయం వస్తుంది. 25 గిగాబిట్ పోర్టులో 1 మెగాబైట్ క్యూ అంటే 320 మైక్రోసెకన్లు.

ముందు ఫిర్యాదులు ఎక్కువగా వచ్చే ఒక్క లీఫ్‌ని ఎంచుకుని, ఆ రాక్ సర్వర్లు కలిసిన పోర్టుల వాటర్‌మార్క్‌లు వారం పాటు సమయంతో సహా నమోదు చేయండి. అప్లికేషన్ టీమ్ దగ్గర నెమ్మదైన రిక్వెస్టుల లాగ్ తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టండి. స్విచ్ గడియారం, సర్వర్ గడియారం ఒకే ఎన్‌టీపీ (గడియారాలు కలిపే ప్రోటోకాల్) మూలం నుంచి సమయం తీసుకుంటున్నాయో లేదో ఆ వారం మొదలవకముందే సరిచూసుకోండి. మిల్లీసెకన్లలో పోల్చాలనుకుంటే ఎన్‌టీపీ మీద మరీ భరోసా వద్దు, స్విచ్‌లోనూ సర్వర్ కార్డులోనూ ఇంకా కచ్చితంగా సమయం కలిపే పీటీపీ ఉంటే దాన్నే ఆన్ చేయండి.